కార్డు మీద పట్టని అంజూరపు ముద్ద

నాకు ఎవరూ వాగ్దానం కార్డులు పంపకండి. ఫోన్‌లో పంపకండి, ప్లాస్టిక్ తొడిగించి చేతిలో పెట్టకండి, గోడ గడియారం మీద అచ్చు వేయించి పట్టుకురాకండి. జబ్బుపడ్డ ఏడాదిలో నాకు అందినన్ని దేవుని వాగ్దానాలు అబ్రాహాముకు కూడా అంది ఉండవు. ఆయన ఒక్క కొడుకు కోసం పాతికేళ్లు ఎదురుచూశాడు. నాకు కార్డులిచ్చినవాళ్లు ఆరు నెలలు ఆగలేకపోయారు. ఆగలేనివాళ్లలో మొదటివాణ్ని నేనే. కాబట్టి ఈ కోపంలో కొంత నా మీద కూడా ఉంది.

నాకు వచ్చింది క్షయ, ఊపిరితిత్తుల టీబీ. పేరు పెట్టి ఎందుకు రాస్తున్నానంటే, మా ఇంటికి చూడవచ్చినవాళ్లెవరూ ఆ పేరు పలకలేదు. "ఆ జబ్బు" అన్నారు, "దమ్ము" అన్నారు, "జర ఒంట్ల బాగలేదట" అన్నారు. ముప్పై ఏళ్లు ఒక దినపత్రికలో పనిచేశాను. మొదట జనగామలో విలేకరిని, తర్వాత జిల్లా పేజీల డెస్కులో ఉపసంపాదకుణ్ని. రిటైరయ్యాక నేనూ నా భార్య సలోమీ జనగామలోనే ఉంటున్నాం. కోపం చల్లారాక ఇది రాద్దామనుకున్నాను. చల్లారలేదు. చల్లారేదాకా ఆగితే ఈలోగా ఎక్కడో ఎవరో గోలీలు మానేస్తారు. అందుకని ఇప్పుడే రాస్తున్నాను.

డిసెంబరు

దగ్గు దసరా ముందే మొదలైంది. మా వీధిలో రోడ్డు తవ్వి వదిలేశారు. ఆ దుమ్మే అనుకున్నాను. బెల్టుకు కొత్తగా రెండు బెజ్జాలు పొడిపించాను. సాయంత్రం అయిదున్నరకు, ఒకప్పుడు డెస్కులో పేజీలు మొదలుపెట్టే వేళకు, ఒళ్లు వెచ్చబడేది. పొద్దున లేచేసరికి బనియను పిండితే నీళ్లు కారేటట్టు ఉండేది.

"ఏమయ్యా, నీ మెడ చూసుకున్నవా అద్దంల? కోడి మెడ లెక్కనైంది," అంది సలోమి. "దవాఖానకు నువ్వొస్తవా, నేనొక్కదాన్నే పోయి నీ పేరు రాయించి రావాల్నా?"

వెళ్లాం. ప్రభుత్వ దవాఖానలో దగ్గేవాళ్లకు వేరే వరండా ఉంది. అక్కడి బెంచీల మీద జనం కూర్చునే తీరు ఇంకెక్కడా చూడలేదు. ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఎవరూ ఎవరి మొహం చూడరు, చూస్తే రేపు బజారులో గుర్తుపట్టాల్సి వస్తుంది. నేను మూతికి రుమాలు కట్టుకుని, ఒక కాలు విరిగి పక్కకు ఒరిగిన బెంచీ మీద కూర్చున్నాను. నేను డెస్కులో ఉన్నప్పుడు నాకు వార్తలు పంపిన ఒక విలేకరి అప్పుడే అటు వచ్చాడు.

"నమస్తే సార్! మీరేంది గిక్కడ?"

"ఒక వ్యాసం రాస్తున్ననయ్యా. రోగులకు వసతులెట్లున్నయో చూద్దామని."

"మంచిగ రాయుర్రి సార్. గా బెంచీ చూడుర్రి, ఎట్ల విరిగిందో," అన్నాడు, నేను కూర్చున్నదాన్నే చూపిస్తూ.

ఈ జబ్బులో నేనాడిన మొదటి అబద్ధం అది. దానికి ఏ పాస్టరూ కారణం కాదు.

తెమడ పరీక్ష అయింది. ఆరు నెలలు రోజూ గోలీలు మింగాలన్నారు. మా వార్డు ఆశా కార్యకర్త రజిత మొదటి పొట్లం తెచ్చి ఇచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి, భుజాన బరువైన సంచి, మాట గట్టి.

"మంచిగైందని నడుమల ఆపిన్రనుకో అన్నా, మల్ల మొదటి నుంచి షురూ," అంది. "మూత్రం సంత్ర పండు రంగుల వస్తది. బుగులు పడకుర్రి. గోలీ లోపలికి పోయిందనేటందుకు గదే సాక్ష్యం."

ఆమె చెప్పినట్టే నారింజ రంగులో వచ్చింది. ఇక ప్రతి వారం రజిత గుమ్మంలో నిలబడి, చెప్పులు విడవకముందే అడిగేది: "అన్నా, ఏం రంగు?"

"సంత్ర," అనేవాణ్ని. అప్పటికి అది నిజం.

జనవరి ఒకటి

మా క్రైస్తవ సంఘాల్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త సంవత్సరం ఆరాధనలో ఒక పళ్లెం నిండా చిన్న చిన్న కార్డులు బోర్లించి తెస్తారు. ప్రతి కార్డు మీదా బైబిలు వాక్యం ఒకటి. కళ్లు మూసుకుని ఒకటి తీయాలి. పాస్టరు గారు దాన్ని పైకి చదువుతారు. ఆ ఏడాదికి దేవుడు నీకిచ్చిన వాగ్దానం అదే. ఇంటికి తెచ్చుకుని క్యాలెండరు పక్కన అంటించుకుంటాం. ఏడాదంతా ఏది మంచి జరిగినా ఆ కార్డు వైపు చూస్తాం. చెడు జరిగితే చూడం.

సలోమి పుట్టిల్లు టేకుమట్ల దగ్గర పల్లె. వాళ్ల సంఘం చిట్యాలలో, మేము పోయేదీ అక్కడికే. నేను పెద్దవంగర వైపువాణ్ని, పుట్టింది క్రైస్తవ కుటుంబంలోనే. పత్రిక ఉద్యోగం ఆదివారాలను మింగేసిన తర్వాత గుడికి పోవడం ఏడాదికోసారి అయింది. ఆ ఏడాదికోసారి ఇదే.

పళ్లెం నా ముందుకు వచ్చింది. తీశాను. పాస్టరు గారు మైకులో చదివారు. హిజ్కియా అనే రాజు చావు జబ్బుతో మంచం పట్టి, గోడ వైపు తిరిగి ఏడ్చినప్పుడు దేవుడు అతనికి పంపిన మాట అది. నీ కన్నీళ్లు చూశాను, నిన్ను బాగు చేస్తాను అని. సరిగ్గా అంతే ఉంది కార్డు మీద. గుడిలో వందమంది ఒక్కసారి "ఆమెన్" అన్నారు. సలోమి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నేను నవ్వి ఊరుకున్నానని ఇప్పుడు రాసుకోవచ్చు. కానీ అలా జరగలేదు. నేనూ ఆ వందమందితో కలిసి ఆమెన్ అన్నాను. వందల కార్డుల్లో ఆ ఒక్కటీ నా చేతికి ఎందుకు వచ్చింది? ముప్పై ఏళ్లు ఎవరే వార్త పంపినా "ఎవరన్నరు, ఎప్పుడన్నరు, పూర్తిగా ఏమన్నరు" అని గుచ్చి గుచ్చి అడిగిన మనిషిని, ఆ రోజు ఇంటికొచ్చి బైబిలు తెరిచి ఆ వాక్యానికి ముందూ వెనకా ఏముందో చూడలేదు. కార్డును క్యాలెండరు పక్కన అంటించాను. నా చేతులతోనే.

ఏప్రిల్

మార్చి కల్లా జ్వరం పోయింది. దగ్గు తగ్గింది, బెల్టు మళ్లీ పాత బెజ్జానికి వచ్చింది. తగ్గనిది ఒకటే, గోలీల వికారం. పొద్దున మింగితే పదకొండు దాకా కడుపులో తిప్పేది. అన్నం కూర కాదు కదా, సలోమి తలకు రాసుకున్న కొబ్బరినూనె వాసన కూడా పడేది కాదు. ఒంట్లో బాగున్న మనిషి రోజూ పొద్దున తనను తాను రోగిని చేసుకోవడంలా ఉండేది.

ఈస్టర్ తర్వాతి ఆదివారం సలోమి నన్నూ చిట్యాల తీసుకుపోయింది. దేవుడు చేసిన మేలును అందరి ముందూ చెప్పే సాక్ష్యాల వేళ లేచింది.

"జనవరి ఒకటిన దేవుడు మా ఆయనకు మాటిచ్చిండు. ఏప్రిల్ కల్లా నిలబెట్టుకున్నడు," అంది. ఇంతకంటే ఎక్కువ చెప్పలేదు. మంచి మనిషి, ఉన్నదే చెప్పింది. పాస్టరు గారు నన్ను ముందుకు పిలిచి భుజం మీద చెయ్యేశారు.

"అన్నా, ఇంకా గోలీలు మింగుతున్నవా?"

"మింగుతున్న."

"దేవుడు బాగుజేసినంక గోలీలెందుకే? మీ డాక్టరుకు తలనొప్పి లేస్తే వాడుకుంటడు, వాపస్ ఇయ్యి!"

గుడి గుడంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన గోలీలు మానెయ్యమని ఆజ్ఞ ఇవ్వలేదు. తర్వాత అడిగితే "నేను మాట వరుసకన్న" అన్నారు. మైకు పట్టుకున్నవాళ్లకు మాట వరుస అనేది ఉండదని నేను చెప్పాను. నా చేతిలో పత్రిక ఉన్నప్పుడు నాకూ ఉండేది కాదు.

మర్నాడు పొద్దున సలోమి గోలీలు తీసి ఇవ్వలేదు. నేను అడగలేదు. ఆమె ఎందుకు ఇవ్వలేదో నాకు తెలుసు, నేనెందుకు అడగలేదో ఆమెకు తెలుసు. ఆమెది నమ్మకం. నాది వికారం. నమ్మకం చాటున వికారం హాయిగా దాక్కుంది. ఆ రోజు పదకొండింటికి ఆవకాయ వేసుకుని రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

రజిత మామూలుగానే వచ్చేది. పొట్లం అందుకుని అల్మారాలో పాత పేపర్ల కింద పెట్టేవాణ్ని.

"అన్నా, ఏం రంగు?"

"సంత్ర," అనేవాణ్ని.

ఒకసారి ఆమె వెంటనే కదల్లేదు. నా మొహం చూసింది. "నిజంగనేనా?" అంది.

"నేనెందుకు అబద్ధమాడుత రజితా?"

"అదే, మీరెందుకాడుతరు," అని వెళ్లిపోయింది.

జులై

మా అమ్మాయి కరుణ మహబూబాబాద్‌లో టీచరు. వానాకాలం మొదట్లో వాళ్లింటికి పోయి నెల రోజులు ఉన్నాం. దాని కూతురు చిన్నికి నాలుగేళ్లు. రోజూ నా పక్కనే పడుకునేది. ఒక పొద్దున నా ఛాతీ మీద చెవి పెట్టి, "తాతా, నీ లోపల పిల్లి ఉన్నది," అంది.

దగ్గు మళ్లీ వచ్చిందని నాకు అప్పటికే వారంగా తెలుసు. వానలకని చెబుతున్నాను. ఆ తర్వాత మూడో రోజు, పళ్లు తోముకుంటుంటే, తొట్టిలో ఎర్రగా పడింది. చిగుళ్లేమో అనుకోబోయాను. రెండోసారి దగ్గితే దోసిలి నిండింది.

మహబూబాబాద్ దవాఖానలో చేర్చారు. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "గోలీలు పూర్తిగ వాడిండ్రా?" నేను నోరు తెరవకముందే మంచం పక్కన నిలబడ్డ సలోమి, "లేదమ్మా. నేనే ఆపిన," అంది. అదీ అబద్ధమే. ఇద్దరం ఆపాం.

బట్టల కోసం కరుణ జనగామ పోయివచ్చింది. తిరిగివచ్చి సంచి నా మంచం మీద గుమ్మరించింది. బట్టలతో పాటు అల్మారాలోని గోలీల పొట్లాలన్నీ పడ్డాయి.

"ఇవేంది బాపూ?"

నేను పొట్లాలను దుప్పటి కిందికి నెట్టబోయాను.

"పిల్ల నీ పక్కల పండుకుంటది. నీ కంచంల తింటది. వాగ్దానం నీకిచ్చిండు గదా దేవుడు, నా బిడ్డకిచ్చిండా? దాని పేరు మీద కార్డున్నదా?"

"గట్ల మాట్లాడకే," అంది సలోమి.

"నువ్వు మాట్లాడకమ్మా! నువ్వు మైకుల మాట్లాడింది సాలు."

చిన్నిని పరీక్ష చేశారు. ఆ రిపోర్టు వచ్చేదాకా రెండు రోజులు కరుణ వరండాలో బెంచీ మీద కూర్చుంది కానీ నా వార్డులోకి రాలేదు. పిల్లకు జబ్బు అంటలేదు. అయినా ముందు జాగ్రత్తగా నెలల తరబడి గోలీలు వేయాలన్నారు. వాటిని పొడి చేసి పాలలో కలిపి ఇస్తుంటే ఆ పిల్ల రోజూ ఏడ్చింది. ఏడ్చింది కానీ ఒక్కరోజు మానలేదు.

రజితకు ఫోన్ చేసి నేనే చెప్పాను. పూర్తిగా వింది. తర్వాత, "నాకు అప్పుడే అనుమానమొచ్చిందన్నా. కానీ పేపరోళ్లు గదా, అబద్ధం చెప్పరనుకున్న," అంది. నన్ను ఇంతకంటే గట్టిగా ఎవరూ కొట్టలేదు.

పాస్టరు గారు కూడా ఫోన్ చేశారు. సలోమి స్పీకరు పెట్టింది. "అక్కా, అన్న లోపల ఎక్కడ్నో సందేహం ఉన్నది. సందేహం ఉన్నకాడ వాగ్దానం పనిచెయ్యది. జర పరీక్షించుకోమను," అన్నారు.

"పరీక్షించిండ్రు పాస్టరు గారూ," అన్నాను మంచం మీంచే. "ఎక్స్‌రే తీసిండ్రు. లోపల సందేహం లేదట. రంధ్రమున్నదట."

సలోమి ఫోన్ కట్ చేసి, నా వైపు వీపు పెట్టి కూర్చుంది. ఆ వారమంతా మేము అవసరానికి తప్ప మాట్లాడుకోలేదు. ఆమె తన సాక్ష్యమే నన్ను చంపుతోందని అనుకుంటోందని నాకు తెలుసు. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కొంచెం అనుకోనీ అనే దుర్మార్గం కూడా నాలో ఉంది. దాచడం ఎందుకు?

ఆగస్టు

జులై మధ్యలోనే మళ్లీ మొదటి గోలీ నుంచి ఆరు నెలల మందు మొదలైంది. కాకపోతే ఈసారి మందులకు లొంగే రకమేనా, మొండి రకంగా మారిందా అని పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజుల్లోనే యాకయ్యతో స్నేహమైంది.

యాకయ్య పక్క మంచం. మిర్చి మార్కెట్లో హమాలీ. ఎండు మిర్చి ఘాటులో ఇరవై ఏళ్లు బస్తాలు మోసిన ఊపిరితిత్తులు. ఆయనది రెండోసారి. మొదటిసారి కూడా గోలీలు ఒక్కటీ మానలేదు. చివరి గోలీ దాకా మింగాడు. అయినా తిరగబెట్టింది. సగం మాట మాట్లాడి ఆగి, ఊపిరి తీసుకుని, మిగతా సగం మాట్లాడేవాడు. ఆ సగం కోసం వార్డంతా చెవులు రిక్కించేది, ఎందుకంటే ఆ సగంలోనే నవ్వు ఉండేది.

"అన్నా, నీకు దేవుడు ఉత్తరం రాసిండట గదా..." ఆగాడు. "నాకో జిరాక్స్ ఇయ్యి."

కరుణ తెచ్చిన సంచిలో ఆ కార్డు కూడా వచ్చింది. వెటకారానికే తీసి ఇచ్చాను. యాకయ్య చదివించుకుని విన్నాడు. నవ్వుతాడనుకున్నాను. దాన్ని దిండు కింద పెట్టుకున్నాడు.

ఆ వారం మా అత్తమ్మ రాహేలమ్మ టేకుమట్ల నుంచి మూడు బస్సులు మారి వచ్చింది. డెబ్బై అయిదు దాటాయి. చదువు రాదు. మా మామ ఊళ్లో ఉపదేశి, పాస్టరు రాని రోజుల్లో ప్రార్థన నడిపేవాడు. ఆయన బతికున్నన్నాళ్లూ రోజుకో అధ్యాయం వరుసగా, ఒకటి కూడా దాటవెయ్యకుండా పైకి చదివేవాడు. ఈమె పొయ్యి ముందు కూర్చుని వినేది. అట్లా బైబిలు మొత్తం ఎన్నిసార్లు విన్నదో ఆమెకే తెలియదు.

వచ్చీ రాగానే సంచి కింద పెట్టి, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏం అల్లుడా, గోలీలు బందు పెట్టినవట?"

"దేవుడు బాగు చేస్త అన్నడు గదత్తమ్మా," అన్నాను. నా గొంతులో విషం నాకే వినిపించింది. "హిజ్కియాకు అన్నట్టే నాకూ అన్నడు."

"హిజ్కియా రాజుకు మందు పెట్టిండ్రు గదా?"

"ఏం మందు?"

"ఏం మందేంది! ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద పెట్టిస్తే గదా ఆయనకు మంచిగైంది. నీకెర్క లేదా?" ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "పేపరోనివి గదా నువ్వు, చదవవా?"

సలోమి తల తిప్పి చూసింది. ఎన్నో రోజుల్లో మొదటిసారి ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె సంచిలోంచి బైబిలు తీసి, పేజీలు తిప్పి, వేలు పెట్టి నాకిచ్చింది. రెండో రాజుల గ్రంథం. నా వాక్యం ఉంది. దాని కింద రెండో వాక్యంలో అంజూరపు ముద్ద ఉంది. దేవుడు మాట ఇచ్చాడు. ఇచ్చాక ప్రవక్త చేతులు కట్టుకుని కూర్చోలేదు, మందు తెప్పించాడు. అది పెట్టాకే రాజు లేచాడు.

డెస్కులో మేము వార్తను కింది నుంచి కోసేవాళ్లం. చోటు చాలకపోతే చివరి పేరా పోతుంది, ఎవరికీ బాధ ఉండదు, ముఖ్యమైనది పైనే ఉంటుంది కదా. నేను నా చేతులతో ఎన్ని వేల చివరి పేరాలు కోశానో. ఈ కార్డు ఎవరు తయారు చేశారో తెలియదు, వాళ్లూ అదే చేశారు. చోటు చాలలేదు, మందు కోసేశారు.

"దేవుడు మాట తప్పలేదు అల్లుడా," అంది రాహేలమ్మ, నా కాళ్ల దగ్గర కూర్చుంటూ. "గా రజిత సంచిల పెట్టి నీ ఇంటికి పంపిండు. నువ్వు తీసి పాత పేపర్ల కింద పెడితివి. ఆయనేం జేస్తడు?"

సలోమి ఏడ్చింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఒక్కదానివే ఆపలేదు," అన్నాను. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు నెల పట్టింది.

ఇక్కడితో ఆపితే ఇది కూడా కార్డే అవుతుంది. నాలుగు రోజుల తర్వాత, పొద్దున డాక్టర్లు వచ్చే వేళకు, యాకయ్య చనిపోయాడు. మంచం ఖాళీ చేస్తూ అతని భార్య దిండు కింది నుంచి కార్డు తీసి నా దగ్గరికి తెచ్చింది. "ఇది మీదట గదన్నా. రోజూ చదివి చెప్పమనెటోడు," అంది. ఆమె గొంతులో నా మీద కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆ రోజు మా అత్తమ్మ మీద అరిచాను. వార్డంతా వినేటట్టు అరిచాను.

"యాకయ్య ఒక్క గోలీ మానలేదత్తమ్మా! రెండుసార్లూ రోజూ మింగిండు. అబద్ధమాడినోన్ని నేను బతుకుతున్న, ఆడనోడు పోయిండు. గిది ఏం మాట నిలబెట్టుకునుడు? ఆయనకేమన్నడు మీ దేవుడు?"

ఆమె లేచి వెళ్లి ఆ ఖాళీ మంచం అంచున కూర్చుంది.

"నాకు తెల్వది బిడ్డా," అంది. "మోషేను నలభై ఏండ్లు నడిపించి, గుట్టెక్కించి, అగో అదే దేశమని చూపెట్టి, అండ్లకు పోనియ్యలే. గప్పుడు మీ మామనడిగిన, గిదేం న్యాయమని. ఆయనకూ తెల్వలే. పుస్తకం మూసి అన్నం తిన్నడు."

నాకు ఎంతమంది ఎన్ని జవాబులు చెప్పారో. వాటిలో నన్ను మరింత మండించనిది ఆ ఒక్కటే.

నా జబ్బు మందులకు లొంగే రకమేనని రిపోర్టు వచ్చింది. అది నా మంచితనం కాదు, విశ్వాసమూ కాదు. నేను ఆ కార్డు తిరగేసి, వెనక తెల్లగా ఉన్న చోట, కోసేసిన ముక్కను పెన్నుతో రాశాను: మాట ఇచ్చిన తర్వాత మందు పెట్టించారు, పెట్టాక బాగయ్యాడు. దాని కింద పెట్టాలనిపించిన ఇంకో ముక్క కూడా రాశాను: పదిహేనేళ్లు ఆయుష్షు పెంచాడు, ఆ గడువు తీరాక రాజు చనిపోయాడు. దేవుడు మాట నిలబెట్టుకుంటాడంటే అన్ని మాటలూ నిలబెట్టుకుంటాడు, ఆ గడువు మాట కూడా. దాన్ని ఎవరూ గోడకు అంటించరు.

మళ్లీ జనవరి

జనవరి ఒకటిన చిట్యాల పోయాం. నేను వద్దన్నాను, సలోమి వినలేదు. బస్సు తొందరలో పొద్దుటి గోలీలు మింగడం కుదరలేదు.

సాక్ష్యాల వేళ ఆమే లేచింది. పాస్టరు గారు మైకు ఇవ్వడానికి ఒక్క క్షణం తటపటాయించారు. "క్లుప్తంగ చెప్పక్కా," అన్నారు.

"క్లుప్తంగనే చెప్తా. ఏప్రిల్‌ల నేను చెప్పిన సాక్ష్యం తప్పు. దేవుని మాట తప్పు కాదు, నేను తప్పు. మందు ఆపి, దేవుడు బాగుజేసిండన్న. మా ఆయన నెత్తురు కక్కుకున్నడు. నా మనుమరాలికి గోలీలు పడ్డయి." మైకును రెండు చేతులా పట్టుకుంది. "ఈ గుళ్లె ఎవలన్న గోలీలు ఆపినోళ్లుంటే, ఇయ్యాల్నే మింగుర్రి. హిజ్కియా రాజుకు కూడా మందు పెట్టిండ్రు. కిందికి చదువుర్రి."

ఎవరూ ఆమెన్ అనలేదు. ఆమె వచ్చి నా పక్కన కూర్చుని, సంచి తెరిచి, అందరూ చూస్తుండగా గోలీలు నా అరచేతిలో పోసి, నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది. మింగాను. ముందు వరసలో కూర్చున్న రాహేలమ్మ వెనక్కి తిరిగి, "ఆమెన్," అంది, ఒక్కతే, పెద్ద గొంతుతో.

పళ్లెం వచ్చింది. నేను తీయలేదు. పాస్టరు గారి మీద నాకు ఇప్పటికీ కోపమే. గోలీలు వాపస్ ఇమ్మన్న ఆ మాటను ఆయన ఆ తర్వాత మైకులో సరిదిద్దలేదు. దేవుడితో కూడా నా మాట ఇంకా పూర్తికాలేదు. యాకయ్య సంగతి అడగాల్సి ఉంది. కాకపోతే ఈ ఏడాదిలో మాట తప్పినవాళ్ల పేర్లు రాయమంటే, నిజాయితీగా రాస్తే, మొదటి పేరు దేవుడిది కాదు.

జులై తర్వాత రజిత నా మాట నమ్మడం మానేసింది. మేము జనగామ తిరిగి వచ్చినప్పటి నుంచీ ప్రతి వారం గుమ్మంలో నిలబడి, "ఏం రంగు?" అని కాదు, "చూపెట్టుర్రి," అనేది. ఒకప్పుడు కలెక్టర్లను నిలబెట్టి ప్రశ్నలడిగిన మనిషిని, చిన్న గాజు సీసాలో మూత్రం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి చూపించేవాణ్ని. ఆమె వెలుతురుకు పెట్టి చూసి, పుస్తకంలో రాసుకుని పోయేది. నాకు సిగ్గుగా ఉండేది. ఉండాలి కూడా.

జనవరి మధ్యలో చివరి గోలీ మింగాను. మర్నాడు పొద్దున రజిత వచ్చింది. నేను ఆమె అడగకముందే సీసా కోసం లోపలికి తిరిగాను.

"ఆగన్నా," అంది. చెప్పులు విడిచి, గుమ్మం దాటి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుంది. "సీసా వద్దు. నోటితోటి చెప్పుర్రి. ఏం రంగు?"

"సంత్ర," అన్నాను.

రాసుకుంది.